మూడో ఇంటికి తాళం వేసినా టాక్సేనా?

ప్రశ్న: సార్, నాకు కూకట్‌పల్లిలో మేముండే ఫ్లాట్, విజయవాడలో ఇంకో ఫ్లాట్, తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్నగారి పెంకుటిల్లు ఉన్నాయి, మూడూ నా పేరు మీదే. ఒక్కదాన్నుంచీ అద్దె రాదు, ఊళ్ళో ఇల్లైతే సంక్రాంతికి తప్ప తాళం తీయం. మరి దేనికి టాక్స్ కట్టాలి?

జవాబు: ఇన్‌కమ్ టాక్స్‌లో ఏవైనా రెండు ఇళ్ళని సొంత వాడకం కింద చూపించుకోవచ్చండీ, వాటి అద్దె విలువ సున్నా. 2019 బడ్జెట్‌కి ముందు ఒక్కదానికే ఈ వీలు ఉండేది. మూడోది ఖాళీగా ఉన్నా అద్దెకిచ్చినట్టే లెక్క, అన్యాయమే కానీ రూల్ అదే. ఏ రెండో ఎంచుకునేది మీరే కాబట్టి ఊరి ఇంటినే ఆ రెండిట్లో కలపకుండా వదిలేయండి, అక్కడ నెలకి 3,000 అద్దె పలుకుతుందనుకుంటే ఏడాదికి 36,000, అందులో మీరు కట్టిన ఇంటి పన్ను 1,000 తీసేస్తే 35,000, దాన్లో 30 శాతం మినహాయింపు పోగా 24,500 మీ ఆదాయంలో కలుస్తుంది, అంతే. ఇంటి పన్ను రసీదు మాత్రం పారేయకండి, ఆ ఏడాది కట్టిందే తగ్గిస్తారు. ఇంకోటి, ఆ రెండిళ్ళ మీద హోమ్‌లోన్ ఉంటే పాత రెజీమ్‌లో (అంటే పాత పన్ను విధానంలో) వడ్డీకి మినహాయింపు రెండిటికీ కలిపి 2 లక్షల దాకానే, కొత్త రెజీమ్‌లో అదీ లేదు.