వైఫై డ్రైవర్ బగ్ వెంట పడిన అమ్మాయి: కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. రెండు నెలలుగా ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ పట్టుకుని కూర్చుంది. డౌన్‌లోడ్ నడుస్తుండగా దాన్ని పీకితే లాప్‌టాప్ హ్యాంగ్ అవుతుందట, ఒక్కోసారి సంబంధం లేని ప్రోగ్రాం ఏదో పడిపోతుందట. ‘లినక్స్ డ్రైవర్‌లో మెమరీ కరప్షన్ ఉంది, కనిపెడతా’ అంటోంది. తోటి పిల్లలంతా ఫుల్ స్టాక్, ఏఐ అంటున్నారు. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా? అమీర్‌పేటలో డివైస్ డ్రైవర్స్ కోర్సులో చేర్పించమంటారా? కొత్త లాప్‌టాప్ కొనాలా? – ఒక తండ్రి, కూకట్‌పల్లి

సలహా: పనికొస్తుంది. కాకపోతే ఆ రెండు నెలల్లో ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. ‘హ్యాంగ్ అవుతోంది’ దగ్గరే ఉంటే అది కాలక్షేపం. ‘ఫలానా ఫంక్షన్ ఫ్రీ చేసిన (తిరిగి ఇచ్చేసిన) బఫర్‌లో (మెమరీ ముక్కలో) ఫలానా ఫంక్షన్ రాస్తోంది, ఇదిగో రిపోర్టు’ అనగలిగితే మాత్రం, ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడే సరుకు చేతిలో ఉన్నట్టే. మొదటి మాట నుంచి రెండో మాటకు ఎలా చేరాలో కింద రాస్తున్నాను. ఇది మీ అమ్మాయికి చూపించండి.

ఈ రకం బగ్‌లో పడ్డది ఒకడు, తోసింది ఇంకొకడు. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఒకే సైజు మెమరీ ముక్కలను పక్కపక్కన పేర్చి, అడిగినవాళ్లకల్లా ఇస్తుంది. వైఫై డ్రైవర్ ఒక 512 బైట్ల ముక్క వాడుకుని ఫ్రీ చేసిందనుకోండి. మరుక్షణం అదే ముక్క ఫైల్ సిస్టమ్ చేతికి వెళ్లొచ్చు. డ్రైవర్ పాత పాయింటర్ (ఆ ముక్క చిరునామా) వదలకుండా అందులో ఇంకో ప్యాకెట్ రాస్తే, క్రాష్ అయ్యేది ఫైల్ సిస్టమ్. స్క్రీన్ మీద దాని పేరే కనిపిస్తుంది. ‘సంబంధం లేని ప్రోగ్రాం పడిపోతోంది’ అని మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే. అక్కడ కనిపించే స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితా) పట్టుకుని ఎన్నాళ్లు వెతికినా లాభం లేదు.

ముందు డాంగిల్‌లో ఏ చిప్ ఉందో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌తో చూడమనండి. పెట్టె మీది పేరును నమ్మకూడదు. టీపీ-లింక్ 722ఎన్ మొదటి వెర్షన్‌లో ఎథరోస్ 9271 చిప్ ఉంటే, తర్వాతి వెర్షన్లలో రియల్‌టెక్ చిప్ వచ్చింది. పేరు అదే, డ్రైవర్ వేరు. ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసి ఎక్కించిన డ్రైవర్ అయితే ఆ బగ్ మీద శ్రమ దండగ. కెర్నెల్ సోర్స్‌లో లేని డ్రైవర్‌కు ప్యాచ్ (సవరణ) పంపినా తీసుకునే దిక్కుండదు. అప్పుడు సికింద్రాబాద్ సీటీసీలోనో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) ఆన్‌లైన్‌లోనో, కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్న డాంగిల్ ఒకటి చూసుకోవడం మేలు. ఎథరోస్ 9271 ఈ పనికి బాగుంటుంది.

తర్వాత లాప్‌టాప్‌ను హ్యాంగ్ చేసుకోవడం ఆపాలి. మెషీన్ బిగుసుకుపోతే చివరి లాగ్ డిస్క్‌లోకి చేరదు, రెండు నెలల ఆలస్యానికి కారణం బహుశా ఇదే. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక వర్చువల్ మెషీన్ (లాప్‌టాప్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టి, యూఎస్‌బీ పాస్‌త్రూతో డాంగిల్‌ను దానికి అప్పగించి, దాని సీరియల్ కన్సోల్‌ను (కెర్నెల్ సందేశాలు వచ్చే దారిని) హోస్ట్‌లోని, అంటే అసలు లాప్‌టాప్‌లోని, ఒక ఫైల్‌కు మళ్లిస్తే, లోపల ఎన్నిసార్లు కూలినా బయట లాప్‌టాప్ చెక్కుచెదరదు, ప్రతి అక్షరం ఫైల్‌లో మిగులుతుంది. సంతకం లేని కెర్నెల్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్ గొడవ కూడా తప్పుతుంది. అసలు మెషీన్ మీదే చేయాల్సి వస్తే, కెర్నెల్ సందేశాలను నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌కు పంపే నెట్‌కన్సోల్ ఉంది. అది మాత్రం కేబుల్ నెట్‌వర్క్ మీదే నడపాలి, పడిపోయే వైఫై మీద కాదు.

ఇక కెర్నెల్ బిల్డ్. ఉబుంటుతో వచ్చే మామూలు కెర్నెల్‌లో మెమరీ తప్పుల్ని పట్టే కేసాన్ ఉండదు, సొంతంగా కట్టుకోవాలి. 2015లో లినక్స్ 4.0తో వచ్చిన ఈ పనిముట్టు, ప్రతి 8 బైట్ల మెమరీకి 1 బైట్ చొప్పున నీడ లెక్క రాసుకుంటుంది. డ్రైవర్ ముట్టుకోకూడని బైట్‌ను ముట్టుకున్న క్షణంలోనే పట్టేస్తుంది. ఎనిమిదో వంతు మెమరీ ఆ లెక్కకే పోతుంది, మెషీన్ నెమ్మదిస్తుంది, డీబగ్ ఇన్ఫోతో కలిపి బిల్డ్‌కు 30 జీబీ అయినా ఖాళీ ఉంచుకోవాలి. బిల్డ్ త్వరగా అవ్వాలని చాలామంది లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ వాడతారు. అది ఆ సమయానికి లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌నే (డ్రైవర్ల వంటి విడి ముక్కల్నే) ఉంచి మిగతావి తీసేస్తుంది. డాంగిల్ గుచ్చకుండా ఆ కమాండ్ ఇస్తే కావలసిన డ్రైవరే మాయమవుతుంది. గంటన్నర బిల్డ్ అయ్యాక ‘వైఫై కనపడట్లేదు’ అని తల పట్టుకునేది ఇక్కడే. ఉబుంటు కాన్ఫిగ్ ఫైల్ కాపీ చేసుకుంటే సర్టిఫికెట్ ఫైల్ దొరకలేదని బిల్డ్ ఆగిపోవచ్చు. ట్రస్టెడ్ కీస్, రివొకేషన్ కీస్ ఆప్షన్లు రెండూ ఖాళీ చేస్తే ముందుకు సాగుతుంది.

కేసాన్ రిపోర్టులో మూడు స్టాక్‌లు చదవాలి: తప్పుగా ముట్టుకున్నది ఎవరు, ఆ ముక్కను మొదట తీసుకున్నది ఎవరు, ఫ్రీ చేసింది ఎవరు. బగ్ దాదాపు ఎప్పుడూ మొదటిదానికీ మూడోదానికీ మధ్యే ఉంటుంది. మొట్టమొదటి రిపోర్టే సాక్ష్యం. తర్వాత వచ్చే క్రాష్‌లు దాని పర్యవసానాలు, వాటి జోలికి పోవద్దు. అడ్రస్‌ను సోర్స్ లైన్‌గా మార్చే ఫాడర్2లైన్ స్క్రిప్ట్ కెర్నెల్ సోర్స్‌లోనే ఉంది.

కేసాన్ నోరు మెదపకపోతే? డ్రైవర్‌లో బగ్ లేదని కాదు. కేసాన్ చూసేది ప్రాసెసర్ రాసే రాతల్నే. హార్డ్‌వేర్ డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా, నేరుగా మెమరీలో రాస్తే దానికి కనపడదు. యూఎస్‌బీ రిక్వెస్ట్ ఇంకా నడుస్తుండగా డ్రైవర్ దాని బఫర్ ఫ్రీ చేస్తే జరిగేది అదే. అప్పుడు కేసాన్ లేని కెర్నెల్‌ను మెమరీ ముక్కలను తనిఖీ చేయించే స్లబ్ డీబగ్ ఆప్షన్‌లో ఎఫ్, జెడ్, పీ, యూ అక్షరాలు పెట్టి బూట్ చేయాలి. ఫ్రీ అయిన ముక్క నిండా కెర్నెల్ 6బీ అనే బైట్ నింపి ఉంచుతుంది. మళ్లీ ఎవరికైనా ఇచ్చేముందు చూసుకుని, 6బీల మధ్య వేరే బైట్లు కనిపిస్తే ‘పాయిజన్ ఓవర్‌రిటెన్’ అని అరుస్తుంది. ఆ చెదిరిన బైట్లను కళ్లతో చదవమనండి. అందులో రూటర్ మ్యాక్ అడ్రస్ కనిపిస్తే ఇంకేం కావాలి, దొంగ వైఫై ప్యాకెట్టే. పీసీఐ వైఫై కార్డులకైతే పరికరం ఏ మెమరీ ముట్టుకోవచ్చో కాపలా కాసే ఐఓఎంఎంయూ స్ట్రిక్ట్ మోడ్ కూడా పనికొస్తుంది. అన్‌మ్యాప్ చేసిన (అనుమతి తీసేసిన) బఫర్‌లో కార్డు రాయబోతే అక్కడికక్కడే ఫాల్ట్ వస్తుంది. పైన చెప్పిన యూఎస్‌బీ కేసులో మ్యాపింగ్ ఇంకా బతికే ఉంటుంది కాబట్టి అది పట్టదు.

లాగ్‌లో సందేశం రాసే ప్రింట్‌కే లైన్లు విచ్చలవిడిగా పెడితే టైమింగ్ మారి బగ్ దాక్కుంటుంది, దానికన్నా వేగమైన ట్రేస్ ప్రింట్‌కే వాడాలి. ఐపెర్ఫ్3 అనే టూల్‌తో ట్రాఫిక్ నడుపుతూ, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోట) డాంగిల్‌కు ఉన్న ఆథరైజ్డ్ ఫైల్‌లో 0 (తీసేయి), 1 (పెట్టు) రాసే స్క్రిప్ట్‌ను రెండు వందల సార్లు తిప్పితే చెయ్యి నొప్పి తప్పుతుంది. అయితే అది చేత్తో పీకడంతో సమానం కాదు, ఎర్రర్ దారులు వేరు. చివర్లో నిజంగా పీకి కూడా చూడాలి.

సరిదిద్దేటప్పుడు చాలామంది చేసే పొరపాటు: పాయింటర్‌ను నల్ చేసి ‘ఇప్పుడు పడట్లేదు’ అనడం. అది బగ్‌ను దాచడమే. కొత్త పని రాకుండా ఆపాలి, నడుస్తున్న యూఎస్‌బీ రిక్వెస్టులను చంపి అవి పూర్తయ్యేదాకా ఆగాలి, వాయిదా వేసిన వర్క్‌లను టైమర్లను సింక్ రకం (ముగిసేదాకా ఆగే) ఫంక్షన్లతో రద్దు చేయాలి, ఆ తర్వాతే ఫ్రీ. ఈ వరస తప్పడం వల్లే పీకినప్పుడు కూలుతుంది.

హైదరాబాద్‌తో బంధం ఉన్న ఉదాహరణ ఒకటి ఉంది. ఇక్కడ డిజైన్ కేంద్రం నడిపిన రెడ్‌పైన్ సిగ్నల్స్ వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొనుక్కుంది. రెడ్‌పైన్ చిప్‌ల డ్రైవర్ ఆర్‌ఎస్‌ఐ పేరుతో లినక్స్ కెర్నెల్‌లో ఉంది. అందులో 2019లో ఒక డబుల్ ఫ్రీ (ఒకే ముక్కను రెండుసార్లు ఫ్రీ చేయడం) బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2019-15504. డాంగిల్ నుంచి వచ్చిన సమాచారంలో తప్పుంటే ఇంటర్‌ఫేస్‌ను సిద్ధం చేసే ఫంక్షన్ తన స్ట్రక్చర్‌ను ఫ్రీ చేసి వెనక్కి వచ్చేది. దాన్ని పిలిచిన ప్రోబ్ ఫంక్షన్ (డాంగిల్ గుచ్చగానే నడిచేది), ఎర్రర్ చూసి, అన్నీ సర్దేసే డీఇనిట్ ఫంక్షన్‌ను పిలిచేది. అది అదే స్ట్రక్చర్‌ను మళ్లీ ఫ్రీ చేసేది. రెండు ఫ్రీలలో ఏది తీసేయాలి? మీ అమ్మాయిని ఈ ప్రశ్న అడగండి. తీసింది మొదటిదాన్ని. ఎందుకంటే డాంగిల్ పీకినప్పుడు కూడా డీఇనిట్టే పిలుస్తారు, అక్కడ ఆ ఫ్రీ చేసేవాళ్లు వేరే లేరు. రెండోదాన్ని తీస్తే పీకిన ప్రతిసారీ మెమరీ లీక్ అవుతుంది. ఈ కారణం తనంతట తాను చెప్పగలిగితే ఆమెకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

బఫర్ హద్దు దాటి రాసే రకం బగ్‌కు రియల్‌టెక్ డ్రైవర్‌లోని సీవీఈ-2019-17666 చదవమనండి. గాల్లోంచి వచ్చిన ఫ్రేమ్‌లోని పొడవులోంచి 2 తీసి 13తో భాగించి ‘ఇన్ని ఎంట్రీలు’ అనుకునేది. దాచుకోవడానికి ఉన్న చోటు రెండింటికే. పైహద్దు చూసే రెండు లైన్లు లేకపోవడమే బగ్. అంటే రేడియో పరిధిలో ఉన్న ఎవడైనా పక్క మెమరీలో రాయగలడు.

ఉద్యోగాల సంగతి. క్వాల్‌కామ్, సిలికాన్ ల్యాబ్స్ రెండూ నగరంలో ఉన్నాయి. ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ, మైక్రాన్ ఆఫీసుల్లోనూ కెర్నెల్, ఫర్మ్‌వేర్ తెలిసినవాళ్లకు చోటుంటుంది. ఫుల్ స్టాక్‌తో పోలిస్తే ఫ్రెషర్ పోస్టులు తక్కువ, అది దాచడం తగదు. క్యాంపస్‌లో ఈ కంపెనీలు రాకపోతే ఎంటెక్ దారి చూడాలి, గేట్ ద్వారానో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ప్రవేశ పరీక్ష పీజీఈఈ ద్వారానో. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి ఎంబెడెడ్ పీజీ డిప్లొమాకు సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఏ దారిలో వెళ్లినా అడిగేవి సీ, పాయింటర్లు, లాకింగ్, ఇంటరప్ట్‌లు. పర్సెంటేజీ కటాఫ్ పెట్టే కంపెనీలు ఉన్నాయి కాబట్టి బ్యాక్‌లాగ్ మాత్రం పడనివ్వొద్దు. రోజుకు రెండు గంటలు, పరీక్షల ముందు నెల పూర్తిగా సెలవు.

అమీర్‌పేట కోర్సు గురించి: డెమో క్లాసుకు వెళ్లి మూడే ప్రశ్నలు అడగమనండి. ఏ కెర్నెల్ వెర్షన్ మీద చెబుతారు? కేసాన్ రిపోర్టు ఒకటి క్లాసులో విప్పి చూపిస్తారా? ల్యాబ్‌లో క్యారెక్టర్ డ్రైవర్ (మొదట నేర్పే తేలిక రకం) దాటి నెట్‌వర్క్ డ్రైవర్ ముట్టుకుంటారా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఫీజు మిగుల్చుకోండి. కెర్నెల్‌లోనే మాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ అనే ఉత్తుత్తి వైఫై రేడియో ఉంది. హార్డ్‌వేర్ లేకుండా రెండు రేడియోలు సృష్టించి, హోస్ట్‌ఏపీడీ అనే ప్రోగ్రాంతో ఒకదాన్ని రూటర్‌గా మార్చి సాధన చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. లినక్స్ ఫౌండేషన్ వారి కెర్నెల్ బగ్ ఫిక్సింగ్ మెంటర్‌షిప్‌కు ఇంటినుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

లాప్‌టాప్ కొత్తది వద్దు. ర్యామ్ 8 జీబీ ఉంటే 16కు పెంచి, హార్డ్ డిస్క్ అయితే ఎస్‌ఎస్‌డీ వేయించండి. డాంగిల్ మాత్రం ఒకే చిప్‌వి రెండు కొనివ్వండి. అన్నిసార్లు పీకి గుచ్చితే కనెక్టర్ వదులవుతుంది, అప్పుడు అది బగ్గో లూజ్ కాంటాక్టో తేలక ఇంకో వారం పోతుంది.