ఇంట్లో డార్ట్‌బోర్డు: కొనేముందు, తగిలించేముందు

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లో డార్ట్‌బోర్డు కావాలంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే బొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయి, ధరలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. తేడా ఎక్కడుంది? (విజయవాడ)

జవాబు: తేడా అంతా లోపలి సరుకులోనూ, పైన బిగించిన తీగలోనూ ఉంది. రంగులు, అంకెలు ఎవరైనా ఒకేలా వేస్తారు కాబట్టి ఫొటోలో అది కనిపించదు.

చవకగా దొరికేవాటిలో ఎక్కువ భాగం కాగితం బోర్డులు. పొడవాటి కాగితం పట్టీని గట్టిగా చుట్టచుట్టి, పైన నూగు అద్ది, గళ్లు అచ్చువేస్తారు. డార్ట్ దిగిన చోట చిల్లు పడుతుంది, ఆ చిల్లు ఇక పూడదు. అందరూ గురిపెట్టేది 20 గడికే కాబట్టి ముందు అక్కడ పొట్టు రాలుతుంది, ఆ తర్వాత అక్కడ డార్ట్ నిలవదు. బ్రిజిల్ బోర్డు అలా కాదు. అందులో సైసల్ నారను (కిత్తనార జాతిదే) కట్టలుగా కట్టి, విపరీతమైన ఒత్తిడితో అదిమి, పోగుల కొసలు మనవైపు ఉండేలా కోస్తారు. డార్ట్ మొన పోగుల్ని చీల్చదు, వాటి మధ్య సందు చేసుకుని దిగుతుంది. లాగేశాక పోగులు మళ్లీ దగ్గరకు జరుగుతాయి. బోర్డు ఏళ్ల తరబడి నిలబడేది ఈ గుణం వల్లే. రోజూ ఆడే ఉద్దేశం ఉంటే బ్రిజిల్ బోర్డు తప్ప ఇంకోటి కొనకండి. కాగితం బోర్డుకు పెట్టిన డబ్బు కొద్ది నెలల్లోనే వృథా అవుతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. అసలు బ్రిజిల్ బోర్డు వ్యాసం 451 మిల్లీమీటర్లు, మందం 38 మిల్లీమీటర్లు, బరువు సుమారు 5 కిలోలు. వెనక చెక్క పలక ఉంటుంది, చుట్టూ లోహపు పట్టీ ఉంటుంది. రెండువైపులా ఆడుకోవచ్చని రాసి ఉంటే, వెనక్కి తిప్పితే మరో టార్గెట్ ఉంటే అది కాగితందే అనుకోండి. ‘18 అంగుళాలు’ అన్న మాట ఒక్కటే చూసి నమ్మకండి, కాగితం బోర్డులూ ఆ సైజులో వస్తాయి. ప్రకటనలో బరువు రాయకపోతే అడిగి తెలుసుకోండి. 12, 15 అంగుళాల బోర్డుల జోలికి అసలు పోవద్దు. పూర్తి సైజు బోర్డులో డబుల్ (అంచున ఉండే, అంకెకు రెట్టింపు వచ్చే వలయం), ట్రిపుల్ (దాని లోపల ఉండే, మూడు రెట్లు వచ్చే వలయం) వలయాల వెడల్పు 8 మిల్లీమీటర్లు, మధ్య నుంచి డబుల్ బయటి అంచుకు 170 మిల్లీమీటర్లు. చిన్న బోర్డులో ఇవన్నీ కుంచించుకుపోతాయి. దాని మీద అలవాటైన చేయి రేపు క్లబ్బులో అసలు బోర్డు ముందు తడబడుతుంది.

ఇక తీగ సంగతి. పాత పద్ధతి బోర్డుల్లో గుండ్రటి తీగను స్టేపుల్ పిన్నులతో బిగిస్తారు. డార్ట్ మొన ఆ గుండ్రటి వంపుకో, పిన్ను తలకో తగిలితే వెనక్కి ఎగిరి కింద పడుతుంది. పిన్నులున్నది కూడా సరిగ్గా మనం గురిపెట్టే ట్రిపుల్, డబుల్ దగ్గరే. మంచి బోర్డుల్లో సన్నటి రేకు లాంటి తీగను నారలోకి దించుతారు, పిన్నులుండవు. మొన దాని అంచుకు తగిలినా పక్కకు జారి నారలో దిగుతుంది. పెట్టె మీద ‘స్టేపుల్ ఫ్రీ’, ‘బ్లేడ్ వైర్’ అని ఉందా, బుల్ (బోర్డు నట్టనడిమి చుక్క) దగ్గర కూడా పిన్నులు లేవా చూడండి. అదనంగా పెట్టగల డబ్బు ఉంటే పెట్టాల్సింది ఇక్కడే. అల్మరాలాంటి చెక్క పెట్టె, స్కోరు పలక, ఆరు డార్ట్‌లు కలిపి సెట్‌గా అమ్మేవాటిలో బోర్డు నాసిరకంగా ఉండడమే ఎక్కువ.

అంకెల వలయం విడిగా ఊడి వస్తుందా లేదా అన్నది కూడా అడగండి. అది ఊడకపోతే బోర్డును తిప్పలేరు, తిప్పకపోతే 20 గడి ఒక్కటే అరిగిపోతుంది.

ప్రశ్న: మాకు ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. అయస్కాంతం బోర్డు చాలా? (నెల్లూరు)

జవాబు: పిల్లలకు అదే సరైనది. అయితే డార్ట్ చివర అయస్కాంతం గట్టిగా బిగిసి ఉందో లేదో వారానికోసారి లాగి చూడండి. ఊడిన ముక్కలు రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని లోపలి గోడను నలిపేస్తాయి. అది ప్రాణం మీదికి వస్తుంది. ఊడిన డార్ట్‌ను అతికించకండి, పారేయండి. మింగారన్న అనుమానం వస్తే నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్. శబ్దం రాదని ఎలక్ట్రానిక్ బోర్డు కొనమంటున్నారు. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: కాదు. ప్లాస్టిక్ గళ్ల మీద ప్లాస్టిక్ మొన తగిలితే గదిలో టక్కుమని గట్టిగానే వినిపిస్తుంది. బ్రిజిల్ బోర్డు చప్పుడు గదిలో తక్కువ, కానీ గోడలోకి పాకి పక్కింట్లో దబ్ దబ్‌మంటుంది. పక్క ఫ్లాటుతో కలిసిన గోడకు తగిలించకపోవడమే మొదటి జాగ్రత్త. రెండోది, బోర్డును నేరుగా గోడకు కాకుండా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకకు బిగించి, పలకకూ గోడకూ మధ్య నాలుగు మూలలా మందపాటి రబ్బరు ముక్కలు పెట్టడం.

ఎలక్ట్రానిక్ బోర్డు సుఖం వేరే ఉంది: లెక్క అదే వేసుకుంటుంది. కొంటే టార్గెట్ వ్యాసం 15.5 అంగుళాలున్నది కొనండి. మొనలు విరిగి చిల్లుల్లో ఇరుక్కోవడం దీనికి మామూలే. ఇరుక్కున్న గడి నొక్కుకుపోయి ఉండటంతో స్కోరు తప్పు చూపిస్తుంది, ముక్కను లోపలికి నెట్టేస్తే సరిపోతుంది. బరువైన డార్ట్‌లతో మొనలు ఇంకా త్వరగా విరుగుతాయి, కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన బరువు దాటకండి. ఉక్కు మొన డార్ట్ మాత్రం దాని మీద ఒక్కసారి కూడా వేయొద్దు.

ప్రశ్న: మా హాలు 10 × 12 అడుగులు. చోటు సరిపోతుందా? ఎత్తు, దూరం ఎలా కొలవాలి? (కరీంనగర్)

జవాబు: సరిపోతుంది. నేల నుంచి బుల్ మధ్యకు 1.73 మీటర్లు (5 అడుగుల 8 అంగుళాలు). బోర్డు ముఖం నుంచి నిలబడే గీతకు 2.37 మీటర్లు (7 అడుగుల 9¼ అంగుళాలు). ప్లాస్టిక్ మొనల ఆటకైతే గీత 2.44 మీటర్ల దగ్గర ఉంటుంది. గీత వెనక మనిషి నిలబడటానికి రెండడుగులు కావాలి. 10 అడుగుల వైపు పెడితే దాదాపు అంతే మిగులుతుంది, 12 అడుగుల వైపు పొడుగ్గా పెడితే హాయిగా ఉంటుంది. పక్కలకు అయిదడుగుల వెడల్పు ఖాళీగా ఉంచండి. బోర్డు పక్కన తలుపు గానీ, టీవీ గానీ ఉండకూడదు. ఆట మధ్యలో తలుపు తీసుకుని వచ్చేవాళ్లకు డార్ట్ తగిలే ప్రమాదం అన్నిటికన్నా పెద్దది.

చాలామంది పొరబడేది దూరం దగ్గర. గోడ నుంచి కొలుస్తారు. కొలవాల్సింది బోర్డు ముఖం నుంచి. నేల దగ్గర స్కర్టింగ్ టైలు కూడా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అందుకే బోర్డు తగిలించాక, దాని ముఖం మీదుగా దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీసి, అది నేలను తాకేచోట గుర్తుపెట్టి, అక్కడి నుంచి టేపు లాగండి. సరిచూసుకోవడానికి బుల్ మధ్య నుంచి గీత దాకా ఏటవాలుగా కొలిస్తే 2.93 మీటర్లు రావాలి.

గోడ ఇటుక, సిమెంటు ప్లాస్టరైతే మేకు కొట్టకండి. 5 కిలోల బోర్డు రోజూ దెబ్బలు తింటుంటే మేకు వదులవుతుంది, ప్లాస్టరు పెచ్చులూడుతుంది. డ్రిల్లింగ్ మిషన్‌తో ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగేలా చిల్లు వేసి, ప్లాస్టిక్ ప్లగ్ పెట్టి, బ్రాకెట్‌ను స్క్రూలతో బిగించండి. బోర్డు వెనక సరిగ్గా మధ్యలో ఉండే స్క్రూ బ్రాకెట్ గాడిలో కూర్చుంటుంది. 1.73 మీటర్లు కొలవాల్సింది ఆ గాడి అడుగుకు, బ్రాకెట్ పై అంచుకు కాదు. తగిలించాక నాలుగువైపులా వేలితో నొక్కండి. కదిలితే వెనక అంచు దగ్గర మడిచిన అట్టముక్కలు పెట్టి కదలకుండా చేయండి. ఊగే బోర్డులో డార్ట్‌లు సరిగా దిగవు.

నేల గురించి ఎవరూ అడగరు గానీ మన ఇళ్లలో అది ముఖ్యం. విట్రిఫైడ్ టైలు మీద పడిన డార్ట్ మొన మొద్దుబారుతుంది, టైలూ పెచ్చు లేస్తుంది. గీత దాకా వచ్చే రబ్బరు చాప పరవండి. బోర్డు చుట్టూ తొడిగే ఫోమ్ వలయం కొంటే గోడ మీద గాట్లు పడవు. వెలుతురు ముందువైపు పైనుంచి బోర్డు మీద పడాలి. ట్యూబ్‌లైటు మీ వెనక ఉంటే మీ నీడే బోర్డు మీద పడుతుంది.

ప్రశ్న: బోర్డు ఎండిపోయిందని తడిగుడ్డతో తుడిచాం. ఇప్పుడు మధ్యలో ఉబ్బింది, డార్ట్‌లు ఎగిరిపడుతున్నాయి. ఏం చేయాలి? (కాకినాడ)

జవాబు: నీళ్లు తగలనీయడం కొయ్య బోర్డుల కాలం నాటి అలవాటు. కొయ్య పగలకుండా వాటిని నానబెట్టేవారు. సైసల్ నార నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండాక మళ్లీ మునుపటిలా కుదురుకోదు. దించి, ఎండ తగలని గాలి వచ్చే గదిలో పడుకోబెట్టి వారం ఆరనివ్వండి. ఉబ్బు కాస్త తగ్గవచ్చు, పూర్తిగా పోకపోవచ్చు. సుత్తితో కొట్టి చదును చేయబోతే తీగలు వంగుతాయి. మీది తీరప్రాంతం కాబట్టి, వానాకాలంలో చెమ్మ పట్టే బయటి గోడకూ, బాల్కనీకీ బోర్డును దూరంగా పెట్టండి.

డార్ట్‌లు ఎగిరిపడటానికి ఉబ్బు ఒక్కటే కారణం కాకపోవచ్చు. మొన మీద గోరు జార్చి చూడండి. కొక్కెంలా తగిలితే అది బయటికి వచ్చేటప్పుడు పోగుల్ని లాక్కొస్తుంది, బోర్డు మీద బూజులా లేచేది ఆ పోగులే. సానరాయి మీద మొనను తిప్పుతూ రుద్ది నున్నగా చేయండి. సూదిలా పదును పెట్టొద్దు, మరీ పదునైన మొన పోగుల్ని కోస్తుంది. డార్ట్‌ను ఎప్పుడూ కుడివైపు మెలితిప్పుతూ తిన్నగా లాగాలి.

ఉబ్బు తగ్గాక బోర్డును తిప్పడం మొదలుపెట్టండి. అంకెల వలయం ఊడదీసి, బోర్డును రెండు గళ్లు పక్కకు తిప్పి, 20 మళ్లీ పైకి వచ్చేలా వలయం బిగించండి. ఒక్క గడి తిప్పితే 20 కింద తెల్లగడి వస్తుంది. అది నల్లగడి మీదే ఉండాలి కాబట్టి ఎప్పుడూ సరిసంఖ్యలోనే తిప్పాలి. రోజూ ఆడే ఇంట్లో రెండు వారాలకోసారి తిప్పితే మంచిది.

ప్రశ్న: ఇక్కడ మా ఇంటి గోడలు డ్రైవాల్. బోర్డు బరువు ఆగుతుందా? (డల్లాస్)

జవాబు: ఉత్త డ్రైవాల్‌కు (పల్చటి జిప్సమ్ పలకల గోడకు) కొట్టిన స్క్రూ ఆ దెబ్బలకు ఆగదు. వెనక చెక్క స్టడ్‌లు (పలకలను మోసే నిలువు చెక్కలు) సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో రెండు స్టడ్‌లు వెతికి, వాటికి అడ్డంగా ప్లైవుడ్ పలక బిగించి, పలక మీద మీకు కావలసిన చోట బ్రాకెట్ పెట్టండి. స్టడ్ ఉన్నచోటే బుల్ రావాల్సిన పని అప్పుడు ఉండదు.

ప్రశ్న: కొత్తగా ఆడేవాళ్లకు ఎన్ని గ్రాముల డార్ట్ మంచిది? (వరంగల్)

జవాబు: ఉక్కు మొనతో 22 నుంచి 24 గ్రాములు. బోర్డుతో ఉచితంగా వచ్చే ఇత్తడి డార్ట్‌లు లావుగా ఉంటాయి, ట్రిపుల్ 20లో ఒకటి దిగితే రెండోదానికి చోటివ్వవు. టంగ్‌స్టన్ ఎక్కువ సాంద్రత గల లోహం కాబట్టి అంతే బరువును సన్నటి బ్యారెల్‌లో (డార్ట్‌ను పట్టుకునే లోహపు భాగంలో) ఇమడ్చవచ్చు. మొదట ఇత్తడితో మొదలుపెట్టి, చేయి కుదిరాక 80 లేదా 90 శాతం టంగ్‌స్టన్ కొనండి.

ప్రశ్న: మా అన్నయ్య చక్రాల కుర్చీలో ఉంటారు. ఇద్దరం ఒకే బోర్డు మీద ఆడటం కుదురుతుందా? (రాజమండ్రి)

జవాబు: కుదురుతుంది. చక్రాల కుర్చీ ఆటగాళ్లకు బుల్ ఎత్తు 1.37 మీటర్లు, గీత దూరం మాత్రం అదే 2.37 మీటర్లు. గోడకు రెండు ఎత్తుల్లోనూ, ఒకదాని కింద ఒకటిగా రెండు బ్రాకెట్లు బిగించండి. ఎవరి వంతు ఆటలో బోర్డును వాళ్ల ఎత్తుకు మార్చుకోవచ్చు. మార్చిన ప్రతిసారీ 20 పైన ఉందో లేదో, అంచులు కదులుతున్నాయో లేదో చూసుకోండి. ఫోమ్ వలయం కూడా బోర్డుతోపాటే కిందికి దిగుతుంది కాబట్టి, రెండు చోట్లా గోడ కాపాడబడేలా వెనక పొడవాటి ప్లైవుడ్ పలక ఒకటి పెట్టించుకోండి.