ఈటీపీలో ఉద్యోగమా? మీటర్లు చేతికిస్తారో లేదో కనుక్కోండి

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లె. మా అమ్మాయి ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా పూర్తి చేసింది. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ ఈటీపీలో (వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) ట్రైనీగా తీసుకుంటామన్నారు. ‘ఇంత చదివించి మురుగునీళ్ల దగ్గరికి పంపుతావా, గ్రూప్స్ కోచింగ్‌కి విశాఖ పంపు’ అంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు?

జవాబు: పంపించండి. కాకపోతే ఒక్క సంగతి ముందే తేల్చుకోండి. అక్కడ నీళ్లను కొలిచే మీటర్లను సరిచూసే పని మీ అమ్మాయి చేతికి ఇస్తారా, లేక గంటకోసారి రీడింగు చూసి లాగ్‌బుక్కులో రాయిస్తారా? రెండోదే అయితే ఏడాది గడిచినా ఆమెకు మిగిలేది చక్కటి దస్తూరీ మాత్రమే.

చుట్టాలకు ఈ మాట చెప్పండి. ఫార్మాతో కలిపి 17 రకాల పరిశ్రమలు తమ వ్యర్థజలాల కొలతలను ఆన్‌లైన్‌లో నిరంతరం పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. మీటరు తప్పు చూపిస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది యాజమాన్యం. అందుకే దాన్ని సరిగ్గా ఉంచగలిగే మనిషికి అక్కడ విలువ.

పని ఎలా ఉంటుందంటే, నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలవడానికి ముంచే పీహెచ్ ప్రోబ్ కొసన పలుచటి గాజు బుడగ ఉంటుంది. దానికి జిడ్డు, బురద పడితే రీడింగు మందగిస్తుంది. గుడ్డపెట్టి గట్టిగా రుద్దకూడదు. కడిగి, పీహెచ్ 4, 7, 9.2 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో సరిచూసి, వాడనప్పుడు పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. చాలాచోట్ల డిస్టిల్డ్ వాటర్‌లో పడేస్తారు, ప్రోబ్ తొందరగా పాడయ్యేది అక్కడే.

నీళ్లలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో, కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీవో మీటరుది ఇంకో తమాషా. మురికిని తినే బ్యాక్టీరియా బతకడానికి లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండేలా చూస్తారు. ప్రోబ్ మీద పాచి పేరుకుంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అది నమ్మి గాలి ఊదే బ్లోయర్లు పెంచుకుంటూ పోతే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. ఇక బీవోడీ, అంటే నీళ్లలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. ల్యాబులో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి తేల్చే లెక్క అది. ఆన్‌లైన్ ఎనలైజర్లలో చాలా రకాలు నీళ్లు అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయో చూసి నిమిషాల్లో అంచనా వేస్తాయి. అంచనాయే కాబట్టి ల్యాబు ఫలితంతో మాటిమాటికీ పోల్చుకోవాలి. ఈ పోల్చడం వచ్చినవాళ్లకు పైడిభీమవరంలోనే కాదు, ఫార్మా కంపెనీలున్న పరవాడలోనూ పని దొరుకుతుంది.

ఇంటర్వ్యూలో, మీటరు తన రీడింగును తీగలో పంపే 4–20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్ సంగతి అడగొచ్చు, చూసుకుని వెళ్లమనండి. ఫ్లో మీటరైతే నీటి ప్రవాహం ఏమీ లేకపోతే 4, పూర్తిగా ఉంటే 20. తీగ తెగితే 0. కాబట్టి సిగ్నల్ 0 కనిపిస్తే నీళ్లు ఆగిపోయాయని రాసేయకూడదు, ముందు తీగ చూడాలి.

గ్రూప్స్‌కి నేను అడ్డు చెప్పను. ఎప్పుడొస్తుందో తెలియని నోటిఫికేషన్ కోసం ఉద్యోగం వదులుకోవడం మాత్రం నాకు నచ్చదు. పైచదువు కావాలనుకుంటే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఆ దారి ఎక్కడికీ పోదు.

ఆఫర్ కాగితంలో అప్రెంటిస్ అని ఉందా, ట్రైనీ అని ఉందా చూడండి. కేంద్ర అప్రెంటిస్ శిక్షణ పథకం నాట్స్ కింద అప్రెంటిస్ అయితే ఏడాది తర్వాత కేంద్ర ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది. నైట్ షిఫ్టు ఉంటే బస్సు మీ ఊరి దాకా వస్తుందా, హైవే మీదే దింపేస్తుందా అని హెచ్‌ఆర్‌ని అడగండి.

అమ్మాయికి మాత్రం ఇది గట్టిగా చెప్పండి. ప్రోబ్ పడిపోయిందని ట్యాంకులోకి, సంపులోకి దిగకూడదు. అడుగున ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉండొచ్చు. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. గ్యాస్ డిటెక్టరు, పర్మిట్, పైన కాపలా మనిషి లేకుండా సూపర్‌వైజరు దిగమన్నా దిగనని చెప్పమనండి.