పెద్దగా ఆడనివాడే ఆట బాగా చెబుతాడు

"మంచి కామెంటేటర్ కావాలంటే ముందు గొప్ప ఆటగాడై ఉండాలా? బేస్‌బాల్‌లో ఆడి తర్వాత మైకు పట్టుకున్నవాళ్ల కెరీర్ ఎలా ఉంటుంది?" అని అడిగారు. మొదటిదానికి నా జవాబు: అక్కర్లేదు, గొప్ప ఆటగాడు కాకపోతేనే మేలు. రెండోదానికి ఒక్కాయన కథ చెబుతాను. పేరు బాబ్ యూకర్. బ్రూవర్స్ అనే బేస్‌బాల్ టీముకి రేడియో కామెంటేటర్. ఊరు అమెరికాలో మిల్వాకీ. నేను ఆ ఊళ్లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను.

2012 ఎండాకాలం. శనివారం కదా అని షికాగో వెళ్లి డెవాన్ అవెన్యూలో నెలకు సరిపడా సామాన్లు కొన్నాను. సోనా మసూరి మూట, రెండు గోంగూర కట్టలు, ములక్కాడలు, రెండు డబ్బాల దోశపిండి. తిరిగొస్తుంటే కెనోషా దాటాక కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికెక్కింది. చేతులు మారి మారి నా దగ్గరికొచ్చిన పాత కారది. ఏసీ ఆపాను, అద్దాలు దించాను, అయినా బానెట్ కింద నుంచి ఆవిరి. హైవే పక్కన ఆపి టోయింగ్ ట్రక్కుకి ఫోన్ చేస్తే అరగంటలో వస్తామని గంటన్నరకి వచ్చారు. (ఈ అరగంట అబద్ధం అమెరికాలోనూ ఉంది. అక్కడ అన్నీ టైముకి జరుగుతాయని చెప్పేవాళ్లని నమ్మకండి.)

ట్రక్కులో డెబ్బై ఏళ్ల పెద్దాయన. దిగలేదు. నన్ను చూసి అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేశాడు. ఫోన్లో ఉన్నాడేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే రేడియో! బ్రూవర్స్ ఆట, తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్. మనవాళ్లు ఆరు పరుగులు వెనకబడి ఉన్నారు. ఓడిపోయే ఆట కోసం రోడ్డు మీద మనిషిని నిలబెట్టాడని నాకు ఒళ్లు మండింది. అంతలో రేడియోలో యూకర్ గొంతు పెరిగింది: "గెట్ అప్, గెట్ అప్, గెట్ అవుటా హియర్... గాన్!" హోమ్ రన్ అన్నమాట, మన సిక్సర్ లాంటిది. ఎవరు కొట్టారో గుర్తులేదు. పెద్దాయన స్టీరింగ్ మీద ఒక్క దెబ్బ కొట్టి, అప్పుడు దిగాడు.

కారుకి గొలుసు తగిలించడానికి వెనక డోరు దగ్గరికి వెళ్లి ముక్కు ఎగబీల్చాడు. ఆ వేడికి దోశపిండి పొంగి, మూత లేచి, సీటు మీదికి కారుతోంది. "ఇంట్లో బీరు కాస్తావా?" అని అడిగాడు. బీరు కంపెనీలతో పెరిగిన ఊరు, టీము పేరుకి అర్థమే బీరు తయారుచేసేవాళ్లు. పులిసిన వాసనకి ఆయన ఇంకేం అనుకుంటాడు! బియ్యం, మినప్పప్పు అని చెబితే నమ్మలేదు.

ఇంటిదాకా ముప్పావుగంట ఆయన పక్కనే కూర్చున్నాను. యూకర్ కథంతా అప్పుడే విన్నాను. ఆరు సీజన్లు, 1962 నుంచి 1967 దాకా. మొత్తం 297 ఆటలు. బ్యాటింగ్ సగటు .200, అంటే పదిసార్లు బ్యాట్ పడితే రెండు హిట్లు. హోమ్ రన్‌లు 14. అందులో ఒకటి సాండీ కూఫాక్స్ బంతికి కొట్టింది. కూఫాక్స్ అంటే ఆ రోజుల్లో బ్యాటర్లకి చలిజ్వరం. నా చేతిలో హోమ్ రన్ తిన్నందుకు పాపం ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాలోకి, రానివ్వరేమో అని భయపడ్డాను, అని యూకర్ జీవితమంతా చెప్పుకు తిరిగారు.

ఆయన క్యాచర్, మన వికెట్ కీపర్ అనుకోండి. 1967లో ఫిల్ నీక్రో విసిరే నకిల్‌బాల్ పట్టాల్సి వచ్చింది. ఆ బంతి తిరగదు, గాల్లో తాగుబోతులా ఊగుతూ వస్తుంది. ఆ ఏడాది 27 బంతులు పట్టలేక వదిలేసి లీగ్‌లోనే అందరికన్నా ముందున్నారు. దాన్ని ఎలా పట్టాలి అంటే, దొర్లడం ఆగేదాకా చూసి వంగి తీసుకోవాలి, అనేవారు. టోయింగ్ పెద్దాయన ఈ జోకు చెప్పి తనే పగలబడి నవ్వాడు, వందోసారి చెబుతున్నాడని తెలిసిపోతూనే ఉంది. చెప్పని సంగతి ఇంకోటి నేను తర్వాత చదివాను. భయపడకుండా ఆ బంతే వెయ్యి, పట్టుకోవడం నా తలనొప్పి, అని నీక్రోకి ధైర్యం చెప్పింది యూకరే. నీక్రో 318 ఆటలు గెలిచి హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు.

ఆడటం మానేశాక బ్రూవర్స్ యజమాని బడ్ సెలిగ్ ఈయన్ని కుర్ర ఆటగాళ్లని వెతికే స్కౌట్‌గా పెట్టుకున్నారు. ఆయన పంపిన రిపోర్టు నిండా బంగాళదుంప ముద్ద, గ్రేవీ మరకలేనట. ఇలా లాభం లేదని మైకు ముందు కూర్చోబెట్టారు. అది 1971. అక్కడి నుంచి 2024 దాకా, 54 సీజన్లు, అదే టీము, అదే ఊరు. మధ్యలో జానీ కార్సన్ టీవీ షోకి వంద సార్ల దాకా వెళ్లారు. 'మిస్టర్ బేస్‌బాల్' అని పేరు పెట్టింది కార్సనే, వెటకారానికి. 2003లో కామెంటేటర్లకిచ్చే ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు వచ్చింది.

ఇక నా సిద్ధాంతం. మైదానంలో ఫీల్డింగ్ చేసే తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఒకవైపు చూస్తారు, క్యాచర్ ఒక్కడే వాళ్లందరికీ ఎదురుగా కూర్చుంటాడు. ఆట మొత్తం కనపడేది వాడికే. అందులోనూ బెంచి మీదుండే రెండో క్యాచర్ అయితే ఇంకా మంచిది, చూడటం తప్ప వాడికి వేరే పనిలేదు. 1964లో వరల్డ్ సిరీస్ గెలిచిన సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో మొదటి క్యాచర్ టిమ్ మెకార్వర్, రెండో క్యాచర్ యూకర్. ఇద్దరూ కామెంటేటర్లయ్యారు, ఇద్దరికీ ఫ్రిక్ అవార్డు వచ్చింది. జో గారజియోలా కూడా క్యాచరే, ఆయనకీ వచ్చింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఒక్క మేజర్ లీగ్ ఆట ఆడని విన్ స్కల్లీ డాడ్జర్స్ టీముకి 67 ఏళ్లు చెప్పారు కదా అని కింద ఎవరో రాస్తారు. రాయండి. అసలు ఆడనే లేదంటే నా మాటే ఇంకా గట్టిపడినట్టు. మన హైదరాబాద్ హర్షా భోగ్లేని చూడండి, ఇండియాకి ఆడలేదు. ఆయన మాట్లాడుతుంటే ఎవరూ సౌండు తగ్గించరు.

గొప్పగా ఆడినవాళ్లకి మైకిస్తే ఏమవుతుందో మన టీవీల్లో రోజూ చూస్తున్నాం. "మా రోజుల్లో అయితే" అని మొదలెడితే రెండు ఓవర్లు అయిపోతాయి. తెలుగు కామెంటరీ వచ్చిందని సంతోషపడ్డాను. తీరా చూస్తే ఫోర్ కొడితే సినిమా డైలాగు, సిక్స్ కొడితే ఇంకో డైలాగు. సింగిల్ తీసినా అరుపే. అయ్యా, మేం స్క్రీన్ చూస్తూనే ఉన్నాం! చిన్నప్పుడు తాతయ్య ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని వినేవారు. హిందీ సగం అర్థం కాకపోయినా గొంతుని బట్టి వికెట్ పడిందో లేదో చెప్పేసేవారు. ఆట సాగనప్పుడు ఏం మాట్లాడాలో తెలిసినవాడే కామెంటేటర్. బేస్‌బాల్‌లో మూడు గంటలు కూర్చుంటే నిజంగా ఏమన్నా జరిగేది పావుగంట. మిగతాదంతా యూకర్ కబుర్లే.

ఆ ఊరివాళ్లు ఆయనకి రెండు విగ్రహాలు పెట్టారు. ఒకటి 2012లో, స్టేడియం బయట. రెండోది 2014లో, లోపల పైఅంతస్తులో ఆఖరి వరసలో. పైకప్పు దూలం అడ్డొచ్చి ఆట సరిగా కనపడదని అక్కడి టికెట్లు ఒక డాలరుకే అమ్మేవారు. పక్క కుర్చీ ఖాళీగా వదిలేశారు, ఫోటో దిగడానికి. నేనూ దిగాను. పార్కింగ్‌కి అంతకు ఎన్నో రెట్లు కట్టి.

2024 అక్టోబర్ 4, హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి యాప్‌లో ఆడియో పెట్టుకున్నాను. అక్కడ 3వ తేదీ సాయంత్రం, న్యూయార్క్ మెట్స్ టీముతో చావోరేవో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా బ్రూవర్స్ 2-0. మెట్స్ ఆటగాడు పీట్ అలొన్సో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, ఇంకో పరుగు కూడా వచ్చి 4-2తో అయిపోయింది. మా అబ్బాయి స్కూల్ బస్సు హారన్ కొడుతుంటే నేను టిఫిన్ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. దెబ్బ గట్టిగానే తగిలిందన్నట్టు రెండు ముక్కలు చెప్పి యూకర్ సెలవు తీసుకున్నారు.

2025 జనవరి 16న పోయారు, 91 నిండడానికి ఇంకా పది రోజులుంది. 2023 మొదటి నుంచే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ఇంట్లోవాళ్లు అప్పుడు బయటపెట్టారు. ఆ రెండు సీజన్లూ ఆయన దాంతోనే మైకు ముందు కూర్చున్నారన్నమాట. ఆ అక్టోబర్ ఉదయం ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే విన్నాను. గొంతులో నాకే తేడా తెలియలేదు.