పాత ట్రావెలింగ్ క్లాక్ డయల్ మీద లండన్ పేరుంటే అది ఇంగ్లీష్ గడియారమేనా?

అవ్వాలనేం లేదు, డయల్ మీద పేరు చాలాసార్లు అమ్మిన షాపుదే, తయారుచేసినవాళ్ళది కాదు. 19వ శతాబ్దంలో ఈ ట్రావెలింగ్ క్లాకులు, అంటే క్యారేజ్ క్లాకులు, ఎక్కువగా ఫ్రాన్స్‌లో తయారయ్యేవి, లండన్ షాపులవాళ్ళు తెప్పించుకుని తమ పేరు వేయించుకునేవాళ్ళు. ఉదాహరణకి ముందు లండన్ షాపు పేరుండి, వెనక తలుపు తీస్తే ఇత్తడి ప్లేట్ మీద చిలక బొమ్మ, హెచ్ జె అక్షరాలు కనిపిస్తే అది పారిస్‌లోని ఆన్రీ జాకో పనితనం. అసలైన ఇంగ్లీష్‌వి, జేమ్స్ మెక్‌కేబ్, డెంట్ లాంటివాళ్ళవి, మంచి బరువుంటాయి, లోపల ఫ్యూజీ ఉంటుంది, అంటే పైకి సన్నబడే గాడుల చక్రం, దానికి చుట్టిన సన్నటి చైను, స్ప్రింగ్ వదులవుతున్నా లాగుడు ఒకేలా ఉండడానికి. ఫ్రెంచ్‌వాటిల్లో మామూలుగా అది ఉండదు. ఫ్రెంచ్‌ది అని తేలగానే డూప్లికేట్ అనేస్తారు చాలామంది, అదేం కాదు, అలా పేరు వేయించుకోవడం అప్పట్లో మామూలు వ్యాపారమే.