బేరాలు లేని రోజుల్లో అప్పు సంగతి: మేనల్లుడికి ఉత్తరం

విజయవాడ,
సెప్టెంబరు, 2020

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

లాలాపేట దుకాణం నిలబెట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టనా అని ఫోనులో అడిగావు. వద్దు. ఎందుకు వద్దో, ఉన్న బాకీలను ఏ వరుసలో తీర్చాలో కూడా ఫోనులోనే చెబితే, "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

నువ్వు అమ్మేది స్కూలు యూనిఫారాలు. కరోనా వల్ల మార్చి నుంచి బడులు లేవు, జూన్ సీజను మొత్తం పోయింది. ఇందులో నీ చేతకానితనం ఏమీ లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశ ఆర్థిక వ్యవస్థ కిందటేడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం కుంచించుకుపోయిందని మొన్న ప్రభుత్వమే చెప్పింది. నీకు డబ్బు రావలసిన బడికి ఫీజులు రావడం లేదు. ఆ బడి పంతుళ్లకు జీతాలు లేవు, కొందరు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు. వాళ్ల కిరాణా ఖాతా పెరిగిపోతోంది, ఆ కొట్టతను హోల్‌సేలు వ్యాపారికి మొహం చాటేస్తున్నాడు. అందరూ ఒకేసారి చెయ్యి బిగిస్తే అందరి రాబడీ పడిపోతుంది.

ఇలాంటి కాలంలో సరుకు ధర తగ్గుతుంది, కూలి తగ్గుతుంది, ఇంటి విలువా తగ్గవచ్చు. ప్రామిసరీ నోటు మీద రాసిన అప్పు అంకె మాత్రం తగ్గదు. 1930ల్లో మన డెల్టా రైతులను ముంచింది ఇదే. వడ్ల ధర సగానికి సగం పడిపోయింది; శిస్తు, షావుకారు బాకీ రూపాయల్లో అలాగే ఉన్నాయి. అంతకుముందు పది బస్తాలతో తీరే వడ్డీకి ఇరవై బస్తాలు అమ్మాల్సి వచ్చింది. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే కరెన్సీ విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతిని, వదిలేశాక ఇక్కడ బంగారం ధర పెరిగింది. అవసరానికి అమ్ముకున్న నగలు కరిగి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయాయి. నిడుబ్రోలు నుంచి రైతు నాయకుడు ఎన్.జి. రంగా రైతులను కూడగట్టింది ఆ రోజుల్లోనే. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం చట్టం తెచ్చింది: 1932 అక్టోబరుకు ముందు రైతులు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 దాకా పేరుకున్న వడ్డీ రద్దు, అసలుకు రెట్టింపు కట్టేసినవాడికి బాకీ తీరినట్టే. మంచి చట్టమే, కానీ ధరలు పడిన ఎనిమిదేళ్లకు గానీ రాలేదు. ప్రభుత్వం ఆదుకోదని నేను అనను. అది వచ్చేదాకా ఇల్లు నీ పేరున ఉండాలి, అంతే.

మొదట చేయాల్సింది: బాకీలన్నీ ఒక కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వు. ఇక్కడ వన్‌టౌనులో ఐపీ (దివాలా పిటిషను) పెట్టినవాళ్లను చాలామందిని చూశాను. కోర్టు నోటీసు వచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లకు తెలియదు. పరువు కోసం దాచిన అప్పు ఊరంతటికీ తెలిసేది చివరికి అలాగే.

తరువాత టైలర్లు. వాళ్లకు నువ్వు ఇవ్వాల్సింది నీ లెక్కలో చిన్న మొత్తం, వాళ్ల ఇంట్లో అది నెల బియ్యం. ముందు వాళ్లకు ఇచ్చెయ్యి. మాస్కులు కుట్టించావట, బాగుంది. దాంతో అద్దె రాదు కానీ మనుషులు చెదిరిపోకుండా ఉంటారు. బడులు తెరిచిన నాడు కుట్టు తెలిసిన చేతులు దొరక్కపోతే నీ కొట్టులో గుడ్డ ఎంత ఉండి ఏం లాభం?

మూడోది, నూటికి రెండు రూపాయల వడ్డీకి రాసిన నోట్లు. అంటే ఏడాదికి 24 శాతం. ఫిబ్రవరి 29 నాటికి నీకు బ్యాంకులో ఉన్న బాకీ మీద 20 శాతం వరకు, ప్రభుత్వ హామీతో, కొత్త తాకట్టు లేకుండా అదనపు అప్పు ఇస్తున్నారు. బ్యాంకు వడ్డీ 9.25 శాతం దాటకూడదు. అడుగు. వస్తే ఒక్క రూపాయి కూడా సరుకు మీద పెట్టకు, ఆ నోట్లు తీర్చు. అప్పు వద్దన్న నేనే దీన్ని తీసుకోమంటున్నాను, ఎందుకంటే ఇది బరువు పెంచేది కాదు, దించేది. ఎంత కట్టినా అక్కడికక్కడే నోటు వెనక చెల్లు వేయించుకో. పూర్తిగా తీరితే నోటు వెనక్కి తీసుకుని చించెయ్యి. వాయిదాలు కట్టక్కర్లేదని బ్యాంకు ఇచ్చిన మారటోరియం ఆరు నెలలూ మాఫీ అనుకుని ఉంటావేమో, కాదు. ఆ వడ్డీ అసలులో కలిసింది. వెంటనే మేనేజరును కలిసి వాయిదాలు పొడిగించమని అడుగు.

కాల్ మనీ జోలికి మాత్రం పోకు. 2015 డిసెంబరులో మా బెజవాడలో ఆ వ్యవహారం బయటపడినప్పుడు ఖాళీ చెక్కుల మీద, ఖాళీ నోట్ల మీద సంతకాలు పెట్టిన కుటుంబాల గతి పేపర్లన్నీ రాశాయి. అడగ్గానే గంటలో డబ్బు తెచ్చేవాడు, అడిగిన గంటలో తిరిగి కట్టమంటాడు.

బంగారం సంగతి మీ ఆవిడే నిర్ణయించాలి, అది తన సొత్తు. నన్నడిగితే, తాకట్టు కన్నా అమ్మడం మేలు. పది గ్రాములు 50 వేలు దాటింది. విలువలో 90 శాతం దాకా అప్పివ్వడానికి బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆగస్టులో వీలిచ్చింది. ఎక్కువ వస్తుందని సంబరపడకు. ధర దిగితే వేలం నోటీసు అంత తొందరగా వస్తుంది.

యాభై మందితో తేలిగ్గా అయిపోతుందని అమ్మాయి పెళ్లి చేసేయమంటున్నారట బంధువులు. ఖర్చు కలిసొస్తుందని చేసే పెళ్లి ఏం పెళ్లి? డిగ్రీ పూర్తి కానివ్వు.

దుకాణం యజమానికి అద్దె ఎగ్గొట్టకు, తగ్గించమని అడుగు. ఖాళీ షట్టరుకు ఇప్పుడు కొత్త అద్దెదారు దొరకడని ఆయనకూ తెలుసు.

బాకీల కాగితం ఫొటో తీసి ఆదివారంలోగా పంపు. బడి బ్యాడ్జీ కుట్టని తెల్లచొక్కాలు ఏ సైజువి ఎన్ని ఉన్నాయో కూడా రాయి. ఇక్కడ వస్త్రలత బట్టల మార్కెట్టులో తెలిసినవాళ్లను అడిగి చూస్తాను.

అక్కయ్యను అడిగానని చెప్పు.

మీ మామయ్య