వెనక అద్దం మసకైతే వెనకొచ్చే లారీ కనిపించేదెట్లా?

ప్రశ్న: మాది హన్మకొండ, ఉద్యోగం ములుగులో. రోజూ కారులోనే పోయి వస్తా. వాన పడితే చాలు వెనక అద్దం మీద బురద, లోపల ఆవిరి, వెనక ఏం వస్తుందో తెలియక ఒకటే టెన్షన్. వెనక వైపర్ లేని చిన్న కారు. ఏం చేయాలి?

జవాబు: ముందు బురద సంగతి. డిక్కీ వెనక్కి పొడుచుకు రాని కార్లకు వెనక భాగం నిటారుగా తెగినట్టు ఉంటుంది కదా, కారు పోతుంటే అక్కడ గాలి సుడి తిరిగి, టైర్లు లేపిన నీళ్లను, మట్టిని పైకి లాగి అద్దానికే కొడుతుంది. ముందు అద్దానికి పూసే, నీళ్లు జారిపోయే కోటింగ్ వెనక అంతగా పనిచేయదు, ఎందుకంటే చుక్కల్ని తోసేసే ఎదురుగాలి అక్కడ ఉండదు. నీళ్ల సీసా, మెత్తటి గుడ్డ దగ్గర పెట్టుకుని బయల్దేరే ముందు, మధ్యలో టీ కోసం ఆగినప్పుడు కడగడమే. పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి.

ఆవిరికి మాత్రం మందుంది. వేలితో లోపల గీసి చూడండి. గీత పడిందా, ఆవిరి లోపలిదే: ఏసీ వేసి, బయటి గాలి లోపలికొచ్చే మోడ్‌లో పెట్టండి. తడి గొడుగు వెనక సీట్లో పడేయడం కూడా మానాలి (అందరం చేసేదే!). గీత పడలేదంటే, ఏసీకి అద్దం మరీ చల్లబడి బయట పట్టిందన్నమాట, కాస్త చల్లదనం తగ్గించండి.

అద్దం మీద అడ్డంగా సన్నటి గీతలుంటే డీఫాగర్ (అద్దాన్ని వేడిచేసి ఆవిరి పోగొట్టే తీగలు) ఉన్నట్టే, బటన్ వెతకండి. లోపల తుడిచేటప్పుడు గీతల వెంబడే తుడవండి, అక్కడ స్టిక్కర్లు అంటించి గీకారంటే తీగ తెగి ఆ గీత వేడెక్కదు.